మూడు ఎర్ర కుట్లు, ఒక నీలం కుట్టు

“కరాచీ పోయిందట నూర్‌బీ. ఎవలతోని పోయింది, ఎందుకు పోయింది, అది ఒక్కలూ అడగలే. బజారంత అదే మాట. కరాచీల నాకెవరున్నరు బిడ్డా? నా బిడ్డ ఉన్నది భువనగిరిల. రెండు గంటల రైలు. గంత దూరం పోయి వచ్చెవరకు నన్ను సముద్రం దాటిచ్చిన్రు.”

ఈ మాట అంటున్నప్పుడు కూడా నూర్‌బీ చేతిలో కొయ్య ఆగలేదు. దూలానికి వేలాడదీసిన విల్లు మనిషెత్తు ఉంటుంది. దాని నారి మీద కొయ్య పడినప్పుడల్లా గది మొత్తం బొంయ్‌మంటుంది. ఆ మోతకు కింద గడ్డకట్టి ఉన్న పాత దూది తెగి, విడివడి, పొగలాగా లేచి పక్కన కుప్పపడుతుంది. ఆమె చెప్పేది వినాలంటే రెండు దెబ్బల మధ్యన వినాలి. ఆమె దగ్గరికి మాటల కోసం వచ్చేవాళ్ళు మొదట నేర్చుకోవలసింది అదే. రెండోది, నోరు మూసుకుని కూర్చోవడం. లేకపోతే దూది నోట్లోకి పోతుంది.

రెజిమెంటల్ బజారులో ఆ గది ఆమెకు పెళ్ళితో పాటు వచ్చింది. భర్త ఇమాం వలి దూదేకులవాడు, ఆమె పుట్టిల్లూ దూదేకులదే. ముందు భాగంలో విల్లు, వెనక భాగంలో పొయ్యి, మధ్యలో ఒక గోనెపట్టా తెర. ఇమాం వలి ఏకేవాడు, ఆమె గలేబుల్లో దూది నింపి కుట్టేది. పరుపులు, బొంతలు, మెత్తలు. ఇరవై ఏళ్ళు ఏకిన దూది ఇమాం వలి రొమ్ములో పేరుకుపోయి, పోలీసు యాక్షన్‌కు రెండేళ్ళ ముందు మనిషిని తీసుకుపోయింది. ఆడమనిషి విల్లు పట్టడమేందని బంధువులన్నారు. ఆమె నలభై రోజులు ఆగి, విల్లుకు కొత్త నారి కట్టించి, నోటికి పైట చుట్టుకుని ఏకడం మొదలుపెట్టింది. ఎందుకంటే అప్పటికి గదిలో తొమ్మిది ఇళ్ళ దూది ఉంది.

దూదేకులవాళ్ళకు కొత్త దూది తెచ్చిచ్చేవాళ్ళు తక్కువ. ఇంట్లో ఏళ్ళ తరబడి పడుకుని అణిగిపోయిన పరుపులోని దూదినే విప్పి తెస్తారు. ఏకి, మళ్ళీ కుట్టి ఇవ్వాలి. ఎవరి దూది వాళ్ళకే పోవాలి. ఒకరి ఇంట్లో పిల్లలు పుట్టిన పరుపు అది, ఇంకొకరి ఇంట్లో ముసలాయన పోయిన పరుపు. కలిసిపోతే ఎవరూ ఊరుకోరు. కలిసినా కనిపెట్టలేరు కూడా, ఏకిన తరువాత ఏ ఇంటి దూదైనా తెల్లగానే ఉంటుంది. అందుకే నూర్‌బీ వచ్చిన దూదిని తన దగ్గరి ఒకే రకం గుడ్డల్లో కట్టి, ప్రతి మూటకూ ఒక మూలన రంగుపోగులతో కుట్లు వేసేది. స్కూలు పంతులు ఇంటికి రెండు నీలం. పాలాయన ఇంటికి ఒక పసుపు, అడ్డంగా. చదువు రాదు, రాసిపెట్టుకునే అలవాటు లేదు. ఏ కుట్టు ఎవరిదో ఆమె తలలోనే ఉండేది. బతికున్నన్నాళ్ళు ఇమాం వలి సైతం, “నూరీ, ఇదెవలది?” అని ఆమెనే అడిగేవాడు.

ఇంటి యజమాని పేరు పర్వతాలు. వెనక సందులో కట్టెల అడితి ఆయనది. చెడ్డవాడని నూర్‌బీ ఇప్పటికీ అనదు. ఇమాం వలి పోయినప్పుడు బండెడు కట్టె పంపి పైసా అడగలేదని మాత్రం చెబుతుంది. నెల పుట్టగానే ఆమె కిరాయి తీసుకుపోయి ఇవ్వడం, ఆయన లెక్క చూడకుండా గల్లాపెట్టెలో వేసుకోవడం పదిహేనేళ్ళుగా జరుగుతున్నది. అన్నా అని ఆమె, అక్కా అని ఆయన.

పోలీసు యాక్షన్‌లో సికింద్రాబాదు పెద్దగా దెబ్బ తినలేదు. అయితే మనుషులు కదిలారు. జిల్లాల నుంచి కొందరు మూటలతో వచ్చి చేరారు. ఇక్కడి నుంచి కొందరు రాత్రికి రాత్రి కరాచీ దిక్కు పోయారు. ఏ ఇంటికి తాళం పడినా, వాళ్ళు పోయారట అనేవారు. రెండు వారాల్లో ఆ ఇంట్లో కొత్తవాళ్ళు దిగేవారు, రెట్టింపు కిరాయికి. అడిగేవాళ్ళు లేరు. ఆ ఏడాది పర్వతాలు దగ్గరికి కూడా ఒక సైకిళ్ళ షాపతను వచ్చాడు. రోడ్డు మీది గది, తలుపులు వెడల్పు, తనకు సరిగ్గా సరిపోతుందన్నాడు. పర్వతాలు వచ్చి నూర్‌బీని అడిగాడు, ఇంకోచోట చూసుకోరాదా అని. ఆమె చూసుకోనన్నది. ఆయన ఒక వకీలును కూడా అడిగాడు. కిరాయిదారును వెళ్ళగొట్టాలంటే కిరాయి కచేరీలో అర్జీ పెట్టాలి, తగిన కారణం చూపాలి, హుకుం తెచ్చుకోవాలి, నీ దగ్గర కారణమేమీ లేదు కదయ్యా అని వకీలు చెప్పాడట. ఈ సంగతి పర్వతాలే తరువాత ఆమెకు చెప్పాడు. అప్పటికి మాత్రం ఊరుకున్నాడు.

మరుసటి ఏడు చలి మొదలయ్యే ముందు, కూతురు మహమూదాకు నొప్పులు వస్తున్నాయని భువనగిరి నుంచి కబురొచ్చింది. దూదేకులవాళ్ళకు అసలైన పని కాలం అదే. గదిలో ఇరవైమూడు మూటలున్నాయి. అయిదు రోజుల్లో వస్తానని నూర్‌బీ తన చిన్న ఇత్తడి తాళం వేసి పోయింది. కాన్పు కష్టమై పదకొండు రోజులు పట్టింది. తిరిగొచ్చేసరికి ఆమె తాళం పక్కన అరచేతంత ఇనుప తాళం ఒకటి వేలాడుతున్నది. అడితిలో వేసే తాళం అది. ఆమె చూసి గుర్తుపట్టింది.

అడితికి పోయి అడిగితే పర్వతాలు కోపంగా మాట్లాడలేదు.

“పోయినవనుకున్ననక్కా. అందరు పోతలేరా, గట్లనే అనుకున్న. అయిందేదో అయింది. నీ సామాను నీకు ఇస్త. బండి నేనే మాట్లాడత, కిరాయి సుత నేనే ఇస్త. ఎక్కడ దించమంటె అక్కడ దించుతరు.”

ఆమె సరేనందామనుకుంది. ఈ మాట ఆమె దాచదు. తన ఇల్లు కన్నా ఇరవైమూడు ఇళ్ళ మూటలే ఆమె కళ్ళల్లో మెదిలాయి. చలి వచ్చేసింది, మాట ఇచ్చిన రోజులు దాటిపోయాయి. ఎక్కడో ఒక కొట్టంలో దించుకుని ఏకి ఇచ్చేస్తే పేరన్నా మిగులుతుంది. బండి పిలిపించమని చెప్పి, వచ్చి గడప ముందు కూర్చుంది.

బండికన్నా ముందు ఏసురత్నం పంతులు వచ్చాడు. రెండు నీలం కుట్ల ఆయన. నరసాపురం వైపు నుంచి మిషన్ బడికి వచ్చిన మనిషి. పదేళ్ళున్నా ఇక్కడి మాట ఆయన నాలుకకు పట్టలేదు. బడి నుంచి గొడుగుతో వస్తూ, తాళాలు రెండూ చూసి, ఆమె చెప్పింది మొత్తం నిలబడే విన్నాడు.

“నూరమ్మ గారూ, మీ చేత్తో సూది కూడా బయటికి తేవద్దండి. తెచ్చారా, మీ అంతట మీరే ఖాళీ చేసినట్టు. ఇక అడగడానికి ఏమీ ఉండదు. ఆయనకు కావలసింది కూడా అదే. మిమ్మల్ని లేపాలంటే ఆయన కచేరీకి వెళ్ళి కారణం చెప్పుకోవాలి. తాళంకప్ప కారణం కాదు కదండీ.”

“మరి మూటలు?”

“మూటలు లోపలుంటేనే మీరు లోపలున్నట్టు.”

బండి వచ్చింది, ఆమె ఖాళీగా పంపేసింది. ఆ సాయంత్రం ఏసురత్నం అర్జీ రాశాడు, ఆమె వేలిముద్ర వేసింది. కచేరీ వాళ్ళు నాలుగు వారాల తరువాతి తేదీ ఇచ్చారు. అందాకా ఆమె పంతులు ఇంటి వరండాలో ఉంది. పంతులు తల్లి రోసమ్మ రోజూ ప్రార్థనలో జబ్బులవాళ్ళ పేర్లన్నీ అయిన తరువాత పర్వతాలు తాళాన్ని కూడా కలిపేది. తాళం కోసం ప్రార్థన చేస్తారా అని నూర్‌బీ ఒకరోజు నవ్వింది. “మీ ఇంట్లో నా బొంత ఉంది, నా కోసమే చేసుకుంటున్నా” అన్నది రోసమ్మ.

ఇక్కడిదాకా వినేవాళ్ళకు తేలికగానే అనిపిస్తుంది. నూర్‌బీ కూడా తేలికగానే చెబుతుంది. తరువాతి భాగానికి వచ్చినప్పుడు మాత్రం విల్లు ఆపి, నారిని చేత్తో పట్టుకుని మోత చల్లారనిస్తుంది.

దూది ఇచ్చినవాళ్ళు తాళం చూసి ముందు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు. తాళం తనది కాదని ఆమె చెప్పింది. దాంతో అందరూ అడితికి పోయారు. పర్వతాలుకు కట్టె తూచే తీరిక లేకుండా పోయింది. కట్టె కోసం వచ్చినవాళ్ళూ దూది సంగతే అడిగేవారు. పాలాయన పాలు పోయడం మానేస్తానన్నాడు. మంగలి కాంతమణి అయితే అడితి ముందు బండరాయి మీద కూర్చుని, మా అత్త చలికి సచ్చిపోతే నీ కట్టెనే పెట్టాలె, ఇప్పుడే తూచి పక్కన పెట్టు అన్నదట. తాళం వేసినప్పుడు ఆయన ఒక్క ఆడమనిషి సామాను మీద వేశాననుకున్నాడు. వీధిలో సగం మంది పక్కబట్టల మీద వేశానని ఆయనకు తట్టలేదు. దూదేకుల పని ఎట్లా నడుస్తుందో కట్టెలాయన ఎప్పుడు చూశాడు గనక.

వారం భరించి, ఆయన ఒక ఉపాయం చేశాడు. ఆదివారం పొద్దున, అందరికీ కబురు పెట్టి, తన ఇద్దరు హమాలీలను గడపకు అడ్డంగా నిలబెట్టి, తాళాలు తీయించాడు. ఇత్తడి తాళం పగలగొట్టారు. మూటలు తెచ్చి వీధిలో నులకమంచం మీద పెట్టించాడు. నూర్‌బీని పిలిపించాడు.

“అక్కా, నీతోని నాకు కొట్లాట లేదు. గీళ్ళేం పాపం జేసిన్రు? ఏది ఎవలదో జెర చెప్పు, తీస్కపోతరు.”

అంతే ఆయన అడిగింది. ఇందులో తప్పేముందని అందరి ముఖాల్లోనూ ఉంది. ఆమెకు కూడా అట్లాగే అనిపించింది. కానీ ఏసురత్నం మాట చెవిలో ఉంది. చెబితే ఇరవైమూడు మూటలూ ఇరవైమూడు దిక్కుల పోతాయి. విల్లు, పొయ్యి, తెర మిగులుతాయి. దుకాణం మూసి, అందరి సొమ్మూ అప్పగించి వెళ్ళిపోయిందని ఇంతమంది సాక్ష్యం చెప్పగలరు. అబద్ధం కూడా కాదు. ఏసురత్నం గుంపులో వెనక నిలబడి ఉన్నాడు. ముందుకు రాలేదు. రోసమ్మ బొంత దూది కూడా ఆ మంచం మీదే ఉంది మరి.

పర్వతాలు ఒక మూట పైకెత్తి పట్టుకున్నాడు. “ఇది ఎవలది?”

“యాదికి లేదు” అన్నది నూర్‌బీ.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆమెకు యాదికి లేకపోవడమనేది ఆ వీధిలో ఎవరూ వినలేదు. రెండో మూట ఎత్తాడు. అదే మాట. మూడోది. కాంతమణి ముందుకొచ్చి, “ఏందే నూర్‌బక్కా, పదకొండు రోజులల్ల మతి గింత పోయిందా? నీ ఇంటి కొట్లాటల మా దూది ఏం జేసింది?” అన్నది. పాలాయన తనకు తెలుసని ఒక మూట లాక్కున్నాడు. అది మాదని ఇంకొకరు లాగారు. ముడి ఊడి దూది వీధిలో పడ్డది. ఇద్దరూ తిట్టుకున్నారు, ఎవరిదో తేలలేదు. మిగిలినవాళ్ళు ఎవరి మూట మీద వాళ్ళకు నమ్మకం లేక చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు బొల్లారం నుంచి టాంగా వచ్చింది. ఎమిలీ దిగింది. మిలిటరీ ఆసుపత్రిలో నర్సమ్మ. మొగుడు మిలిటరీ మోటార్లు మరమ్మతు చేసేవాడు, జబల్‌పూర్‌కు బదిలీ అయింది, మంగళవారం రైలు. అక్కడ చలి ఎక్కువని విని, తల్లి పెళ్ళి నాటి పరుపు విప్పి, రెండు బొంతలు కుట్టమని ఆ దూది తెచ్చిచ్చింది. తల్లి పోయి అప్పటికి నాలుగు నెలలు. ఎమిలీ గుంపును తోసుకుని నూర్‌బీ దగ్గరికొచ్చింది.

“కుట్టకపోతే పోయింది నూర్‌బీ, దూది దూదిగా ఇచ్చెయ్యి చాలు. అక్కడే కుట్టించుకుంటాను. మళ్ళీ నేనెప్పుడు వస్తానో.”

ఆమె అడుగుతున్నప్పుడు పర్వతాలు చేతిలో ఉన్న మూట మూలన మూడు ఎర్ర కుట్లు, ఒక నీలం కుట్టు ఉన్నాయి. నూర్‌బీకి చెయ్యి చాపితే అందేంత దూరం.

“యాదికి లేదమ్మా” అన్నది.

ఎమిలీ తిట్టలేదు. టాంగా ఎక్కి వెళ్ళిపోయింది. గుంపులో కొందరు మాత్రం ఆ రోజు నుంచి నూర్‌బీని పలకరించడం మానేశారు. పర్వతాలు మూటలన్నీ లోపలికి వేయించి, మళ్ళీ ఇనుప తాళం బిగించాడు.

కచేరీలో విచారణ అరగంట కూడా పట్టలేదు. అధికారి పెద్దగా మాట్లాడే మనిషి కాడు. ఈమె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిందా అని పర్వతాలును అడిగాడు. వెళ్ళిందన్నాడు. లోపల సామాను ఉందా? ఉంది. వెళ్ళిన మనిషి సామాను ఎందుకు వదిలింది? పాత దూది మూటలు సాబ్, ఎవరెవరివో, వాటిని ఎవరు మోస్తారు అన్నాడు పర్వతాలు.

నూర్‌బీ తాను మాట్లాడవచ్చా అని అడిగింది.

“ఎవలెవలయో కావు. నేను చెప్త, రాసుకోండ్రి.”

గుమాస్తా కలం తీశాడు. ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. రెండు నీలం కుట్లు, ఏసురత్నం పంతులు ఇల్లు, ఒక బొంత, ముసలామెకు, దూది కాళ్ళ దిక్కు మందం వెయ్యాలె. ఒక పసుపు అడ్డం, పాలాయన, పరుపు, ముడి ఊడి కొంత దూది వీధిల పడ్డది, ఆ నష్టం నాది. తెలుపు మీద నలుపు రెండు, కాంతమణి అత్త, రెండు మెత్తలు. ఇరవైమూడూ చెప్పింది. ఇరవైమూడోది చెప్పేటప్పుడు ఒక్కసారి ఆగింది. మూడు ఎర్ర, ఒక నీలం, బొల్లారం నర్సమ్మ ఎమిలీ, రెండు బొంతలు.

పర్వతాలు ఆశ్చర్యపోయి, “మొన్న ఇదే మనిషి యాదికి లేదన్నది సాబ్. ఎంతమందిల అడిగిన” అన్నాడు.

“ఇల్లు విడిచి వెళ్ళిపోయిన మనిషిని పిలిచి ఎందుకు అడిగారు?” అన్నాడు అధికారి.

మరునాడు గుమాస్తా వచ్చి, కాగితం చేత పట్టుకుని ఒక్కొక్క మూట మూల చూసుకున్నాడు. ఇరవైమూడింటిలో ఒక్కటి కూడా తప్పు పోలేదు. తాళం వేసినవాడే తీయాలని, ఇల్లు కావాలనుకుంటే అర్జీ పెట్టుకుని కారణం చూపాలని హుకుం. పర్వతాలు తన చేత్తోనే తాళం తీసి, పగిలిన ఇత్తడి తాళం బదులు కొత్తది కొనిచ్చాడు. తరువాతి ఏడు అర్జీ పెట్టనూ పెట్టాడు. రెండేళ్ళు తిరిగి విసిగి మానుకున్నాడు. సైకిళ్ళ షాపు ఎదురు వరసలో వెలిసింది. అక్కా అన్నా పిలుపులు మధ్యలో ఆగినా, మళ్ళీ మొదలయ్యాయి. “గాయన తాళం వేసిండు, నేను నోటికి వేసిన. ఇద్దరం ఒక్కటే” అంటుంది నూర్‌బీ.

తొమ్మిది రోజుల్లో ఇరవైరెండు మూటలు ఏకి, కుట్టి, ఇంటింటికీ మోసుకుపోయి ఇచ్చింది. పలకరించని ఇళ్ళ ముందు గడపలో పెట్టి వచ్చింది. ఇరవైమూడో మూట తీసుకుని బొల్లారం పోతే, క్వార్టరులో వేరే వాళ్ళున్నారు. జబల్‌పూర్‌లో ఎక్కడో ఎవరికీ తెలియదన్నారు. ఆసుపత్రిలో అడిగింది, లోపలికి రానివ్వలేదు.

అది జరిగి ఇప్పటికి ఆరేళ్ళు. హైదరాబాదు రాష్ట్రమే ఉండదని, ఆంధ్రలో కలుస్తుందని బజారులో అనుకుంటున్నారు. ఆ మూట మాత్రం పొయ్యి పొగ తగలకుండా విల్లు పక్కన చెక్క మీద ఉంది. ఏటా చలికి ముందు నూర్‌బీ దాన్ని విప్పి, ఒకసారి ఏకి, మళ్ళీ కడుతుంది. వాడని దూది గడ్డ కడుతుందట. ఇప్పుడు కింద ఉన్నది, ఇంతసేపూ ఏకుతున్నది అదే దూది. బొంతలు కుట్టి పెట్టవచ్చు కదా అంటే, ఒప్పుకోలేదు. ఎమిలీ ముందు కుట్టమన్నది, తరువాత కుట్టకుండానే ఇమ్మన్నది, ఏ మాట నిలబెట్టాలో తనకు తెలియదన్నది.

పొద్దు వాలుతున్నది. ఆమె దూది మూట కట్టి, మూలన కుట్లు పైకి వచ్చేటట్టు సర్ది, చెక్క మీద పెట్టింది. పైట విప్పి ముఖం తుడుచుకుని, లేవబోతున్నవాళ్ళలో ఒకరిని ఆపింది.

“నువ్వు బొల్లారం దిక్కు పోతుంటవు గద బిడ్డా. నర్సమ్మలల్ల పాతోళ్ళు ఎవలన్న ఉంటరు, ఎమిలీకి ఉత్తరాలు రాసేటోళ్ళు. అడ్రసు అడుగు. దొరికితె ఒక కార్డు రాసెయ్యి, నా పేరు మీద. దూది ఉన్నదని తర్వాత రాయి. ముందు గీ మాట రాయి, యాదికి లేదన్నది అబద్ధం అని. మూడు ఎర్ర కుట్లు, ఒక నీలం, గా దినం ఆమె కండ్ల ముంగటున్న మూటనే, గుర్తు సుత పెట్టు. లేకుంటె నమ్మదు.”